నల్లగొండ, పాలమూరు పల్లెలలో సంఘజీవనము



పల్లెవారికి నలుగురు కూడి పనిచేయుట చేతకాదనియు, సంఘము, సభ, చందా అను మాటలు పట్టణమునుండి దిగివచ్చినవనియు చదువుకొన్నవారు తరచుగా అనుచుందురు. ఈ మాటలో కొంత నిజము లేకపోలేదు. అధ్యక్షుడు, కార్యదర్శి, తీర్మానము అను పేర్లు మన తాతలనాటి చావడిలో వినబడలేదు. కాని పేరు లేనంతమాత్రమున పని లేదనుట పొరపాటు. నల్లగొండ, పాలమూరు సీమల చరిత్రను కొంచెము ఓపికతో చూచినయెడల అచ్చట రెండు విధములైన సంఘములు కనబడును. మొదటిది చెరువును కాచిన సంఘము. రెండవది చదువును తెచ్చిన సంఘము. మొదటిది తన లెక్కను రాతిపై వ్రాసికొన్నది. రెండవది కాగితముపై వ్రాసికొన్నది. రాయి నిలిచినది, కాగితము పోవుచున్నది. నేడు నేను మీకు మనవి చేయదలచిన సంగతి అదియే.

ముందుగా ఈ సీమ స్వరూపమును తలచుకొందము. కృష్ణానది ఈ రెండు సీమల దక్షిణపుటంచున పారుచున్నది. ఆలంపురము చెంత తుంగభద్ర వచ్చి దానిలో కలియును. మూసీ నల్లగొండ నేలను దాటివచ్చి వాడపల్లియొద్ద కృష్ణలో పడును. ఇన్ని నదులుండియు ఇది మెట్టనేల. నది లోతున పారును. ఊరు మిట్టపై నుండును. ఏరు కంటికి కనబడును గాని చేనికి అందదు. నాగార్జునసాగరమునకు 1955లో పునాదిరాయి వేసి, 1967లో కాలువలకు నీరు వదలునంతవరకు ఈ సీమలో చాలభాగమునకు వాన, చెరువు, బావి తప్ప వేరు ఆధారము లేదు. సాగరము వచ్చిన తరువాతను మిట్టనున్న ఊళ్లకు చెరువే దిక్కైనది.

చెరువు ఒక్కనివలన నిలుచునది కాదు. కట్టించినవాడు రాజు కావచ్చును, సామంతుడు కావచ్చును, సంపన్నుడైన రైతు కావచ్చును. కాని ఏటేట పూడిక తీయుట, కట్టపై మొలచిన తుమ్మను కొట్టుట, తూము సరిచూచుట, మత్తడి దూకునపుడు రాత్రింబగళ్లు కావలియుండుట ఊరివారి పని. నల్లగొండ పట్టణమునకు ఆనుకొనియున్న పానగల్లులో ఉదయసముద్రమను చెరువు కలదు. అది కందూరు చోడులనాటిది. ఉదయచోడుని పేరు మోయుచున్నది. సూర్యాపేట చెంతనున్న పిల్లలమర్రిలో రేచెర్ల రెడ్లు గుడులు కట్టించి, చెరువులు త్రవ్వించి, శాసనములు వేయించిరి. ఆ చోడులు పోయిరి, ఆ రెడ్లు పోయిరి, వారి యేలికలైన కాకతీయులును పోయిరి. చెరువు నిలిచినది. నిలిపినది ఎవరు? పేరు తెలియని ఊరివారు.

ఆ ఊరివారి ఏర్పాటు ఎట్టిదో చూడుడు. చెరువు త్రవ్వించినవానికో, గండి పూడ్పించినవానికో ఆయకట్టులో కొంత భూమి దశబంధ మాన్యముగా నిచ్చెడివారు. నీరు పంచుటకు నీరటికాడు. అతడు తూము తెరచినచో నీరు, మూసినచో ఎండ. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి మున్నగు ఆయగాండ్రు కళ్లమున ధాన్యము పుచ్చుకొని ఏడాదిపొడుగున ఊరికి పనిచేసెడివారు. నీళ్లు తక్కువైన యేట ఏ మడికి ముందు, ఏ మడికి వెనుక అను తగవు చావడిలో తెగెడిది. గండి పడిన రాత్రి డప్పు మ్రోగినంతనే, పగలు ఒకరి నీడ ఒకరు తాకనివారు సయితము ఒకే కట్టపై భుజము భుజము రాచుకొని మట్టి మోసిరి. నీటికి కులము తెలియదు. గండికి అసలే తెలియదు.

ఈ సీమ ఒకే జనము, ఒకే మాట గలది కాదు. మక్తల్, నారాయణపేట ప్రాంతమున తెలుగుతోపాటు కన్నడము వినబడును. దేవరకొండ చుట్టును లంబాడీల తండాలు, అమ్రాబాదు అడవులలో చెంచుల పెంటలు కలవు. గద్వాల, వనపర్తి, జటప్రోలు, ఆత్మకూరు సంస్థానములు పండితులను పోషించిన తావులు. గద్వాలకు విద్వద్గద్వాల యను పేరే కలిగినది. పట్టణములలోను, పెద్ద ఊళ్లలోను ఉర్దూ మాటలాడు మహమ్మదీయులు తరతరములుగా ఇరుగుపొరుగువారు. మొహర్రము వచ్చినదనగా మన పల్లెలలో అది పీరుల పండుగ. పీరులను ఎత్తువారిలోను, గుండము చుట్టును ఆడువారిలోను హిందువులు చేరుదురు. ఒక్క మహమ్మదీయ కుటుంబమైనను లేని ఊళ్లలో సయితము ఆ పండుగ జరుగుట కలదు. జాన్‌పహాడు దర్గాకును, షాద్‌నగరు చెంతనున్న జహంగీరుపీరు దర్గాకును మ్రొక్కుకొనువారిలో అన్ని మతములవారు నున్నారు. ఇదియు ఒక సంఘమే. దీనికి నియమావళి లేదు. తప్పక వచ్చు తేదీ కలదు.

ఇంతవరకు మంచి చెప్పితిని. చెడును దాచిన చరిత్ర చరిత్ర కాదు. చావడి అరుగుపై కూర్చుండువారు కొందరు. అరుగుక్రింద నిలుచుండువారు ఎక్కువమంది. ఆడవారికి అచ్చట చోటు లేదు. మాల మాదిగలు తగవునకు పిలువబడుదురు గాని తీర్పునకు పిలువబడరు. చావడికి పైన గడి యుండెను. గడిలోని దొర మాటయే ఊరి మాట యయ్యెను. పూర్వము ఊరికొరకై చేసిన పని, రానురాను దొరకొరకును, పర్యటనకు వచ్చు అధికారికొరకును చేయు వెట్టిగా మారెను. కట్టమీద మట్టి మోసిన అదే భుజము, కూలి లేక, కాదనుటకు వీలు లేక, ఇతరుల సామానును మోసినది. చెరువు సంఘము చెడిన చోటు ఇదియే. పని మిగిలినది, పంచుకొనుట పోయినది.

ఇట్టి స్థితిలో రెండవ సంఘము పుట్టినది. దాని పుట్టుకకు కారణము భాష.

నిజాము రాజ్యమున 1880 తరువాతి సంవత్సరములలో ఫారసీకి బదులు ఉర్దూ కచేరిభాష యయ్యెను. 1918లో నెలకొనిన ఉస్మానియా విశ్వవిద్యాలయములోను బోధనభాష ఉర్దూయే. ఉర్దూ మన పొరుగింటి భాష. దానియందు దోషము లేదు. దోషమెచ్చట ననగా, పల్లెలోని రైతు తాను వ్రేలిముద్ర వేసిన కాగితములో నేమున్నదో తాను ఎరుగడు. చదివి చెప్పువాడు పట్వారీ, లేక వకీలు. వారు చెప్పినదే నిజము. పిల్లవానిని బడికి పంపుదమన్నను తల్లిమాటలో చదువు చెప్పు బడులు చాల తక్కువ.

1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపింపబడెను. దానిని నెలకొల్పినవారిలో కొమఱ్ఱాజు వేంకటలక్ష్మణరావుగారు, రావిచెట్టు రంగారావుగారు, మునగాల రాజా నాయని వేంకటరంగారావుగారు ముఖ్యులు. మునగాల పరగణా నల్లగొండ నేల నడుమ నున్నను ఆనాడు కృష్ణాజిల్లాకు చెందిన బ్రిటిషు భాగము. లక్ష్మణరావుగారు ఆ సంస్థానమున దివానుగా నుండిరి. బాల్యమున కొంతకాలము భువనగిరిలో చదివిరి. కావున తెలంగాణమున గ్రంథాలయోద్యమము హైదరాబాదులో పుట్టినదని చెప్పుకొన్నను, దాని బొడ్డుతాడు మన సీమతో ముడిపడియున్నది. 1913లో పాలమూరునుండి "హితబోధిని" యను పత్రిక వెలువడెను. 1922లో నల్లగొండనుండి షబ్నవీసు వేంకటరామనరసింహారావుగారు "నీలగిరి" పత్రికను ప్రారంభించిరి. జిల్లా పట్టణమున తెలుగు అచ్చక్షరములు కూర్చుట ఆనాడు ఎంత సాహసమో నేటివారు ఊహింపజాలరు.

ఈ ప్రయత్నముల నన్నిటిని ఒక త్రాటికి తెచ్చినది ఒక అవమానము. 1921 నవంబరు 12వ తేదీన హైదరాబాదు వివేకవర్ధనిలో సంఘసంస్కార సభ జరిగెను. అధ్యక్షులు మహర్షి కార్వేగారు. ఇతర భాషలలో ఉపన్యాసములు సాగినవి. ఆలంపల్లి వేంకటరామారావుగారను వకీలు తెలుగున మాటలాడ లేచినంతనే సభలోని కొందరు గేలిచేసి ఆయన మాట సాగనీయరైరి. తెలుగువా రధికముగా నున్న రాజ్యమున తెలుగు మాట నవ్వులపాలైనది. అచ్చటనున్న తెలుగువారు కొందరు ఆ రాత్రియే కూడి నిజాము రాష్ట్రాంధ్ర జనసంఘమునకు అంకురార్పణ చేసిరి. మాడపాటి హనుమంతరావుగారు ఆ సంఘమునకు ప్రాణమైరి. కోపముతో మొదలైన సంఘములు చాల కలవు. చాలభాగము ఆ కోపముతోనే ముగియును. ఈ సంఘము మాత్రము మరునాటినుండి గ్రంథాలయములు, పాఠశాలలు, ప్రాచీన గ్రంథసేకరణము, వెట్టి, వర్తకుల కష్టములు అను నిత్యకృత్యములలోనికి దిగెను. చిన్న చిన్న పుస్తకములు అచ్చొత్తించి పల్లెలకు పంపెను. అందుచేతనే నిలిచెను.

జనసంఘపు సభలు పట్టణమునకే పరిమితము కాలేదు. 1924లో నల్లగొండలోను, 1928లో సూర్యాపేటలోను జరిగినవి. ఆనాడు సభ జరుపుట తేలిక పని కాదు. గస్తీ నిషాన్ 53 యను ఉత్తరువు ప్రకారము సభ చేయగోరువారు ముందుగా దరఖాస్తు పెట్టుకొని అనుమతి తెచ్చుకొనవలెను. సొంత పాఠశాల పెట్టుటకును అనుమతి కావలెను. రాజకీయ మను మాట నాలుకపైకి రాకూడదు. అట్టి కాలమున గ్రంథాలయ మొక్కటియే తలుపు తెరచియుంచుటకు కొంత వీలైన చోటు. పుస్తకము చదువుట నేరమని ఎవరును బాహాటముగా అనలేరు గదా!

అట్టి గ్రంథాలయ మనగా పెద్ద మేడ యనుకొనకుడు. ఎవరి యింటి వసారాయో, గుడి మండపమో, కోమటి కొట్టు పైగదియో. ఒక చెక్కబీరువా, కొన్ని పుస్తకములు, ఒక చాప, ఒక లాంతరు. టపాలో వచ్చిన పత్రికను సాయంకాలము ఒకడు పెద్దగా చదువును, పదిమంది విందురు. చదువు వచ్చినవాడు ఒక్కడున్నను ఊరంతటికి పత్రిక చేరును. నా తలంపున ఈ చదివి వినిపించుటకంటె విలువైన పని మరియొకటి బీరువా ప్రక్కన జరిగెను. అది రిజిస్టరు వ్రాయుట. ఎవరు ఎంత చందా యిచ్చిరి, ఏ పుస్తకము ఎవరు తీసికొనిపోయిరి, నెలకు నూనె ఖర్చెంత, సభలో ఎవరు ఏమని ప్రతిపాదించిరి, ఎవరు కాదనిరి — ఇవన్నియు తెలుగున వ్రాయబడినవి. పట్వారీ దఫ్తరు తప్ప వేరు లెక్క నెరుగని ఊరికి, తన లెక్కను తాను వ్రాసికొనుట, నలుగురిలో చదివి వినిపించుట, తప్పున్న దిద్దుకొనుట అనునది క్రొత్త విద్య. తరువాత వచ్చిన ఉద్యమములన్నియు ఈ చిన్న విద్యపైననే నిలిచినవి.

1926లో హైదరాబాదునుండి "గోలకొండ పత్రిక" వెలువడెను. దానిని నడిపిన సురవరము ప్రతాపరెడ్డిగారు 1896లో పాలమూరు సీమలో జన్మించినవారు. తెలంగాణములో కవులు లేరని ఒకరు వ్రాయగా ఆయన వాదమునకు దిగలేదు, కవులను పిలిచిరి. పల్లె పల్లెనుండి పద్యములు టపాలో వచ్చినవి. 1934లో 354 మంది కవుల రచనలతో "గోలకొండ కవుల సంచిక" వెలువడెను. ఇందులో కవిత్వపు గొప్ప యెంతయో పండితులు చెప్పుదురు. నాకు తోచునది వేరొకటి. ఒక పిలుపునకు మూడువందల యేబదినలుగురి పద్యములు అచ్చుకూటమునకు చేరినవనగా, పత్రిక అందు ఊళ్లు, అది చదువు మనుష్యులు, కలము పట్టు చేతులు అప్పటికే ఎంతగా అల్లుకొనియున్నవో గ్రహింపవచ్చును. ఆ అల్లిక గ్రంథాలయముల పని.

జనసంఘము పెరిగి ఆంధ్రమహాసభ యయ్యెను. మొదటి మహాసభ 1930లో జోగిపేటలో సురవరమువారి అధ్యక్షతను జరిగెను. రెండవది 1931లో మన దేవరకొండలో. అధ్యక్షులు బూర్గుల రామకృష్ణారావుగారు, పాలమూరు జిల్లావారు. 1936లో, అప్పటికి పాలమూరు జిల్లాలోనిదైన షాద్‌నగరులో. అధ్యక్షులు కొండా వేంకటరంగారెడ్డిగారు. 1941లో హుజూర్‌నగరు తాలూకా చిలుకూరులో. అధ్యక్షులు రావి నారాయణరెడ్డిగారు, భువనగిరి తాలూకా బొల్లేపల్లివారు. 1944లో భువనగిరిలో మరల ఆయనయే అధ్యక్షులు. జోగిపేటలో మహాసభతోపాటు మహిళాసభయు జరిగెను. దానికి నడింపల్లి సుందరమ్మగారు అధ్యక్షత వహించిరి. చావడిలో చోటులేని ఆడువారు వేదికపై నిలిచి తీర్మానములు చేసిరి. చెరువు సంఘము చేయని పనిని చదువు సంఘము చేసినది.

అయినను ఈ సంఘమునకును ఒక అరుగుండెను. సభలకు వచ్చువారిలో వకీళ్లు, వర్తకులు, భూస్వాములు, చదువుకొన్నవారు ఎక్కువ. సభ్యత్వ రుసుము ఏడాదికి రూపాయి. కూలివానికి ఆ రూపాయి ఆనాడు చిన్న మొత్తము కాదు. వెట్టి మాన్పవలెనని తీర్మానించు సభలో వెట్టి చేయువాడు కానరాకుండుట చాలకాలము ఎవరికిని వింతగా తోపలేదు. చిలుకూరునుండి ఈ ప్రశ్న పైకి వచ్చెను. యువకులు భూమి, కౌలు, వెట్టి అనిరి. పెద్దలు ఓర్పు, చట్టము, విన్నపము అనిరి. భువనగిరి సభలో సభ్యత్వ రుసుము నాలుగణాలకు దిగెను. పెద్దలలో పలువురు వేరైరి. ఆంధ్రమహాసభ రెండు పాయలయ్యెను.

ఇందు ఎవరిది ఒప్పు, ఎవరిది తప్పు అని తీర్పుచెప్పుటకు నేను ఈ ప్రసంగము చేయుటలేదు. పెద్దల ఓర్పు లేనిదే ఇరువదియేండ్లు ఆ తలుపు తెరచియుండెడిది కాదు. యువకుల తొందర లేనిదే ఆ తలుపులోనికి కూలివాడు వచ్చెడివాడు కాడు. నాలుగణాలకు ఇచ్చిన చీటీ చిన్న కాగితము. కాని తనపేర వ్రాసిన చీటీ పుచ్చుకొన్న చాకలికి, మాదిగకు, గొల్లకు అది క్రొత్త పుట్టుక. అందుకే పల్లెలలో దానిని చీటీల సంఘమనిరి. అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోని పాలకుర్తిలో చాకలి ఐలమ్మ ఆ సంఘమున చేరి, తాను సాగుచేసిన భూమికొరకు విసునూరు దేశముఖునకు ఎదురు నిలిచెను. అదే తాలూకా కడవెండిలో 1946 జూలై 4వ తేదీన దొడ్డి కొమరయ్య దొర మనుష్యుల తుపాకికి బలియయ్యెను. ఆ తరువాత కథ మీలో పలువురు ఇంటి పెద్దలవలన విన్నదే. 1948 సెప్టెంబరున నిజాము ప్రభుత్వము పడిపోయెను. 1951 అక్టోబరున సాయుధపోరాటము విరమింపబడెను. ఎన్నో ఇండ్లు కాలినవి. ఎందరో ఇరువైపుల ప్రాణములు కోల్పోయిరి. ఆ మంటలలోను, సోదాల భయముచేతను ఊళ్లలోని కాగితములు ఎన్ని పోయెనో చెప్పజాలము.

పాలమూరు సీమగూర్చి ఒక మాట ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. చెరువు ఎండిన యేట అచ్చటి పేదలు ఊరు విడిచిరి. మేస్త్రీవద్ద ముందుగా బయానా పుచ్చుకొని, పిల్లాపాపలతో దూరదేశములకు మట్టిపనికి పోయిరి. నాగార్జునసాగరము, శ్రీశైలము మొదలుగాగల పెద్ద ఆనకట్టలపై పాలమూరు కూలీల చెమట కలదు. తమ చేను తడియకున్నను పరుల చేను తడియుటకు వారు కట్టలు పోసిరి. ఆ గుంపులును సంఘములే. కలిసి వండుకొనిరి, కలిసి గుడిసెలు వేసికొనిరి, పోయినవారిని కలిసి పూడ్చిరి. కాని వారి పద్దు వ్రాసినది మేస్త్రీ, వారు కాదు. గ్రంథాలయపు చాప వారివద్దకు చేరలేదు. లెక్క తన చేతిలో లేని సంఘము ఎంత బలమైనదైనను ఎంత నిస్సహాయమో వారి బ్రతుకు చెప్పుచున్నది.

స్వతంత్రము వచ్చిన పిదప ప్రభుత్వము గ్రంథాలయములను తన బాధ్యతగా గైకొనెను. 1955లో హైదరాబాదు రాష్ట్రమునకును, 1960లో ఆంధ్రప్రదేశమునకును గ్రంథాలయ శాసనములు చేయబడినవి. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయపు సెస్సు వసూలగుట, జిల్లాకొక గ్రంథాలయ సంస్థ ఏర్పడుట అందుండి వచ్చినవే. ఇది మేలే. ప్రతి ఊరును చందాలు పోగుచేసికొనవలసిన అగత్యము తప్పెను. కాని మేలుతోపాటు ఒక నష్టమును వచ్చినది. మన గ్రంథాలయము అనుట మాని సర్కారు గ్రంథాలయము అనుట నేర్చితిమి. తాళము ఎవరి చేతనున్నదో విచారించుట మానితిమి. చెరువు విషయమునను ఇట్లే జరిగెను. నీరటికాడు పోయెను, పూడిక పెరిగెను, బోరుబావి వచ్చెను. 2015లో ప్రభుత్వము మిషన్ కాకతీయ యను పేర చెరువుల పూడిక తీయించుటకు పూనుకొనవలసివచ్చెను. పూడిక ప్రభుత్వము తీయవచ్చును. మత్తడియొద్ద రాత్రి కావలి ఎవరుందురు?

ఇక నేను మొదట చెప్పిన మాటకు వచ్చెదను. 1923లో కొమఱ్ఱాజువారు పరమపదించిన పిదప వారి పేర హైదరాబాదులో లక్ష్మణరాయ పరిశోధకమండలి వెలసెను. ఆ మండలివారు ఊరూర తిరిగి, బురదలో పడియున్న రాళ్లను కడిగి, అక్షరములు చదివి "తెలంగాణా శాసనములు" అను గ్రంథమును ప్రకటించిరి. సురవరమువారు 1949లో "ఆంధ్రుల సాంఘిక చరిత్ర" వెలువరించిరి. రాజుల యుద్ధములు చరిత్ర కాదు, జనుల తిండి, బట్ట, ఆట, పాట, నమ్మకము చరిత్రయని ఆయన చూపిరి. 1955లో ఆ గ్రంథమునకు సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. అప్పటికి రెండేండ్లకు ముందే ఆయన గతించిరి. ఎనిమిదివందలయేండ్లనాటి రాళ్లను చదివిన ఆ మహనీయులు నడిపిన సంఘముల కాగితములు నూరేండ్లైనను నిలువకున్నచో అది వారి దోషమా, మన దోషమా?

పిల్లలమర్రిలో చెరువు త్రవ్వించిన సంగతి మనకెట్లు తెలిసెను? రాయి చెప్పినది. మరి మీ ఊరి గ్రంథాలయమునకు మొదటి చందా ఎవరిచ్చిరో ఏది చెప్పవలెను? ఆ రిజిస్టరు చెప్పవలెను. అది ఎచ్చటనున్నది? మీ అటుకపైన, మీ నాయనగారి ఇనుపపెట్టెలో, పెండ్లిపత్రికల క్రిందను, శిస్తు రసీదుల నడుమను ఉన్నది. చెదలు దానిని మీకంటె ముందు చదువుచున్నవి. అది పోయిననాడు మీ ఊరి చరిత్రకు మిగులునది కచేరి దఫ్తరు మాత్రమే. ఆ దఫ్తరులో మీ తాతగారు "సభకు అనుమతి లేక కూడినవాడు" అను ఒక్క పంక్తిగా మిగులును. ఆయన నెలకు ఎంత చందా యిచ్చెనో, ఏ పుస్తకము చదివెనో, ఏ తీర్మానమును కాదనెనో అందుండదు. అనుమానించినవాడు వ్రాసిన చరిత్రయే చరిత్రగా నిలుచును.

కావున పెద్దలారా, నా మనవి చిన్నది. పండుగకు ఇల్లు దులుపునపుడు పాతకాగితములను పొయ్యిపాలు చేయకుడు. సభ్యత్వపు చీటీ, చందా రసీదు, సభాహ్వానపత్రము, పత్రికయొక్క పాతప్రతి, నీటివంతుల జాబితా, పీరుల పండుగ ఖర్చులెక్క — ఏది దొరికినను నీడన ఆరవేయుడు, ఎండలో వేయకుడు. ఎండిన వేపాకుతో బట్టలో చుట్టుడు. అందలి పేర్లు ఎవరివో, వారు ఏ యింటివారో వేరొక కాగితముపై వ్రాసి జతపరుపుడు. మీకు తెలిసిన సంగతి మీ కుమారునికి తెలియదు. 2016లో పాత నల్లగొండ, పాలమూరు జిల్లాలు విడిపోయి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, నాగరుకర్నూలు, వనపర్తి, జోగుళాంబ గద్వాల జిల్లాలైనవి. 2019లో నారాయణపేట వేరైనది. షాద్‌నగరు రంగారెడ్డి జిల్లాలో చేరినది. ముందుతరమువాడు తన ఊరి కాగితమును ఏ జిల్లాలో వెదకవలెనో ఎరుగక తికమకపడును. ఊరిలోనున్న కాగితము ఊరిలోనే దొరకును.

మరియొక మాట. రిజిస్టరులో పేరు లేనివారు ఊరిలో ఎందరో కలరు. అరుగుక్రింద నిలుచున్నవారు, కట్టపై మట్టి మోసినవారు, మట్టిపనికి దేశములు పట్టిపోయినవారు. వారి యిండ్లలో కాగితముండదు, జ్ఞాపకముండును. ఒకనాడు వారి గుమ్మమునకు మీరే పోయి, కూర్చుండి, అడిగి వ్రాసికొనుడు. చావడికి రమ్మని కబురుపెట్టకుడు. చెరువు సంఘము చేసిన తప్పును, చదువు సంఘము ఆలస్యముగా దిద్దుకొన్న తప్పును మనము మూడవమారు చేయవలదు.

వ్రాసినది మీ ఊరి చావడిలోనో, బడిలోనో ఒక సాయంకాలము చదివి వినిపింపుడు. తప్పున్నచో ఎవరైన లేచి కాదందురు. కాదన్నమాటను సయితము వ్రాసికొనుడు. మన పెద్దలు ఆ బీరువా ప్రక్కన కూర్చుండి నేర్చుకొన్న విద్య అదియే.